ఆలూరుకు ఒక ఏడు, బళ్లారికి ఒక ఏడు: శాసనసభ ఎన్నికల సంవత్సరం ఎలా ఖరారవుతుంది?

ఆలూరు నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. బళ్లారిలో మెట్టినింట ఉన్న ఆయన అక్క 2023 మే నెలలో శాసనసభకు ఓటు వేసింది. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న తమ్ముడు అదే ఏడాది నవంబరులో వేశాడు. ఆలూరులో ఉన్న తాను మాత్రం 2024 మే దాకా ఆగవలసి వచ్చింది. ఒకే దేశం, ఒకే ఎన్నికల సంఘం అయినప్పుడు ఈ తేడా ఎందుకు, ఏ రాష్ట్రం ఏ సంవత్సరంలో ఎన్నికలకు పోవాలో ఎవరు తేలుస్తారు, మన రాష్ట్రం ఎప్పటికీ లోక్‌సభతో కలిసే ఓటు వేస్తుందా అన్నది ఆయన సందేహం. అక్క పేరు ఆలూరు జాబితాలో ఇంకా ఉందనీ, దాన్ని అలాగే ఉంచవచ్చా అనీ చివర్లో అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఎన్నికల సంవత్సరాన్ని ఢిల్లీలో ఎవరూ కూర్చుని ఎంపిక చేయరు. రాజ్యాంగంలోని 172వ అధికరణం ప్రకారం ప్రతి శాసనసభకూ అది తొలిసారి సమావేశమైన రోజు నుంచి ఐదేళ్ల గడువు ఉంటుంది. ఆ గడువు ముగిసేలోగా కొత్త సభ ఏర్పడాలి. చేనును గుత్తకు ఇచ్చినప్పుడు గడువు మన చేను అప్పగించిన రోజు నుంచి లెక్కకు వస్తుంది గానీ పక్క చేనువారి గుత్తతో దానికి సంబంధం ఉండదు. పట్టినవారు నడుమ వదిలిపోయి ఇంకొకరు పట్టుకుంటే ఆ రోజు నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది. శాసనసభలదీ అదే లెక్క. ఏదైనా సభ గడువుకు ముందే రద్దయితే దాని తర్వాతి ఎన్నికలన్నీ పాత వరుస తప్పి కొత్త వరుసలో నడుస్తాయి. మళ్లీ ఏదో ఒక సభ ముందుగా రద్దయితే తప్ప పాత వరుస దానంతట అది తిరిగిరాదు.

మీ కుటుంబంలోని మూడు ఓట్లకూ ఈ లెక్క అన్వయించి చూడండి. కర్ణాటక శాసనసభ గడువు 2023 మే 24న, తెలంగాణది 2024 జనవరి 16న, మన ఆంధ్రప్రదేశ్‌ది 2024 జూన్ 11న ముగియవలసి ఉన్నాయి. మన సభ 2019 జూన్ 12న తొలిసారి కూర్చుంది కాబట్టి జూన్ 11 అయింది. బళ్లారిలో 2023 మే 10న, హైదరాబాదులో నవంబరు 30న, ఆలూరులో 2024 మే 13న పోలింగ్ జరగడానికి మూలం ఈ మూడు తేదీలే.

నేను రెవెన్యూ శాఖలో కర్నూలు, అనంతపురం జిల్లాల సరిహద్దు మండలాల్లో ఎన్నికల పని చూసినవాణ్ణి. ఈ ప్రశ్న నాకు చాలాసార్లు ఎదురైంది. అడిగినవారిలో చాలామంది మూడు రాష్ట్రాల వరుస మొదటినుంచీ వేరని అనుకున్నారు. అది నిజం కాదు. ఇంట్లో పెద్దవారుంటే అడిగి చూడండి. 1962 నుంచి 2004 వరకు బళ్లారి, ఆలూరు, హైదరాబాదు శాసనసభకు ఓటు వేసింది ఒకే సంవత్సరాల్లో. 1962, 1967, 1972, 1978, 1983, 1985, 1989, 1994, 1999, 2004: మన రాష్ట్రానికీ కర్ణాటకకూ ఈ వరుస ఒక్కటే. 1983లో అయితే రెండు రాష్ట్రాలూ జనవరిలోనే, ఒకే విడతలో ఎన్నికలకు వెళ్లాయి.

ఇంకాస్త వెనక్కి వెళితే మీ ప్రాంతానికి ఇంతకన్నా దగ్గరి చరిత్ర ఉంది. ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు 1953 వరకు బళ్లారి జిల్లాలోనివే. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో ఆలూరువారూ బళ్లారివారూ కలిసి మద్రాసు శాసనసభకే ఓటు వేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ మూడు తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి పోయింది. ఆ మరుసటి ఏడాదే వరుస తప్పింది. 1954 నవంబరులో కర్నూలులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం మద్యనిషేధం వ్యవహారంలో పెట్టిన అవిశ్వాస తీర్మానానికి ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది, సభ రద్దయింది, 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. అందువల్ల 1957లో దేశమంతా రెండో సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు, అప్పటికి ఆంధ్రప్రదేశ్‌గా మారిన మన రాష్ట్రంలో శాసనసభ ఎన్నికలు తెలంగాణ ప్రాంతానికే పెట్టారు. 1955లో గెలిచిన ఆంధ్ర, రాయలసీమ సభ్యులు 1962 దాకా కొనసాగారు. అంటే 1957లో కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలవారు లోక్‌సభకు మాత్రమే ఓటు వేశారు. ఒకే రాష్ట్రంలో ఒక ప్రాంతంవారు శాసనసభకు ఓటు వేసి మిగతావారు వేయని ఆ ఏడాది సంగతి పోటీ పరీక్షలకు చదివేవారికి కూడా తరచుగా తెలియదు.

1962లో కలిసిన వరుస నలభై ఏళ్లకు పైగా ఎలా నిలిచిందన్నది ఆసక్తికరమైన విషయం. అదేమీ ఏర్పాటు ప్రకారం జరిగింది కాదు. అత్యవసర పరిస్థితి కాలంలో 42వ సవరణ ద్వారా చట్టసభల గడువును ఆరేళ్లు చేసినందువల్ల 1972 నాటి మన సభ 1978 వరకు నడిచింది; తర్వాత 44వ సవరణ తిరిగి ఐదేళ్లు చేసింది. 1984 ఆగస్టు సంక్షోభం తర్వాత ఎన్టీ రామారావు సభను రద్దుచేసి 1985 మార్చిలో ప్రజల తీర్పు కోరారు; అదే సమయంలో కర్ణాటకలో రామకృష్ణ హెగ్డే కూడా సభను రద్దు చేయించారు. 1989లో అక్కడ బొమ్మై ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసిన కారణంగా ఎన్నికలు ముందుకు వస్తే, ఇక్కడ గడువుకు కొన్ని నెలల ముందే సభ రద్దయి లోక్‌సభతోపాటు నవంబరులో జరిగాయి. కారణాలు వేరు, ఫలితం మాత్రం ఒకే సంవత్సరం.

విడిపోవడం కూడా ఇలాగే జరిగింది. కర్ణాటక 2007లో, తెలంగాణ 2018లో వరుస తప్పాయి. కర్ణాటకలో 2004లో ఎవరికీ మెజారిటీ రాలేదు. ముఖ్యమంత్రి పదవిని చెరి సగం కాలం పంచుకోవాలన్న ఒప్పందం 2007లో చెడింది. ఆ నవంబరులో యడ్యూరప్ప ప్రమాణస్వీకారం చేసిన వారం రోజులకే రాజీనామా చేశారు, రాష్ట్రపతి పాలన వచ్చింది, 2008 మేలో ఎన్నికలు జరిగాయి. అక్కడి నుంచి 2013, 2018, 2023. అదే ఒప్పందం నిలిచి ఉంటే 2009లో మీ అక్కా మీరూ కలిసే ఓటు వేసేవారు. తెలంగాణ 2014లో మనతోపాటే లోక్‌సభతో కలిసి ఓటు వేసింది. 2018 సెప్టెంబరు 6న చంద్రశేఖరరావు సభను రద్దు చేయించడంతో డిసెంబరు 7న ఎన్నికలు వచ్చాయి. మీ తమ్ముడి ఓటు నవంబరుకు మారింది అందువల్లనే.

ఇక మనం లోక్‌సభతో ఎందుకు కలిసి ఉన్నామన్న ప్రశ్న. 1971లో ఇందిరాగాంధీ లోక్‌సభను ఏడాది ముందే ఎన్నికలకు తీసుకుపోయిన తర్వాత మన శాసనసభకూ లోక్‌సభకూ పొంతన పోయింది. 1989లో కలిసినట్టే కలిసి, లోక్‌సభ 1991లోనే మళ్లీ ఎన్నికలకు పోవడంతో విడిపోయాయి. 1999 ఏప్రిల్‌లో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయి లోక్‌సభ ఎన్నికలు సెప్టెంబరులో వచ్చినప్పుడు మన సభ గడువు కూడా దగ్గర పడినందువల్ల రెండూ కలిపి జరిపారు. 2003 అక్టోబరులో అలిపిరి వద్ద తనపై దాడి జరిగిన తర్వాత నవంబరులో చంద్రబాబునాయుడు సభను రద్దు చేయించారు. ఎన్నికలు వెంటనే వస్తాయని అందరూ అనుకున్నా ఎన్నికల సంఘం ఓటర్ల జాబితా సవరణ ముగిస్తే గానీ తేదీలు ఇవ్వలేదు. ఈలోగా లోక్‌సభ కూడా ముందుగానే రద్దయి 2004 ఏప్రిల్‌లో రెండూ కలిశాయి. ఆ తర్వాత ఇటు మన సభ గానీ అటు లోక్‌సభ గానీ నడుమ పడిపోలేదు కనుక 2009, 2014, 2019, 2024 వరుసగా కలిసే వచ్చాయి. మన రాష్ట్రం లోక్‌సభతో కలిసి ఓటు వేయాలన్న చట్టం ఏదీ ఇప్పటికి లేదు. రెండింటిలో ఏది ముందుగా రద్దయినా ఈ పొంతన అప్పుడే పోతుంది.

మరి ఎన్నికల సంఘానికి ఉన్న స్వేచ్ఛ ఎంత అంటే, ఆరు నెలలు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం గడువు ముగియడానికి ఆరు నెలల కంటే ముందు ఎన్నికల నోటిఫికేషన్ ఇవ్వడానికి వీలులేదు. దగ్గర దగ్గరగా గడువు ముగిసే రాష్ట్రాలను ఆ ఆరు నెలల వెసులుబాటులోనే సంఘం ఒక జట్టుగా కలుపుతుంది. 2023 చివర తెలంగాణను మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరంలతో కలిపారు. మనల్ని ఒడిశా, అరుణాచల్, సిక్కింలతోపాటు లోక్‌సభకు జత చేశారు. కర్ణాటక గడువు మేలోనే ముగిసింది, తెలంగాణకు నోటిఫికేషన్ ఇవ్వగలిగే కాలం జూలై దాకా మొదలే కాలేదు; కాబట్టి ఎంత తలచుకున్నా ఆ రెండింటినీ సంఘం కలపగలిగేది కాదు. నోటిఫికేషన్ వచ్చాక జరిగేదంతా చట్టంలోనే లెక్కగట్టి ఉంది: నామినేషన్లకు ఏడు రోజులు, మరునాడు పరిశీలన, దానికి రెండో రోజు ఉపసంహరణ గడువు, ఆపైన కనీసం పద్నాలుగు రోజులు ప్రచారానికి. ఎన్నికల ప్రవర్తనా నియమావళి (కోడ్) మాత్రం నోటిఫికేషన్‌తో కాక షెడ్యూలు ప్రకటించిన ఘడియ నుంచే అమలవుతుంది. 2024లో మన రాష్ట్రంలో షెడ్యూలు మార్చి 16న, నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చాయి. ఆ నెల రోజులూ కోడ్ ఉన్నట్టా లేనట్టా అని మండల కార్యాలయాలకు వచ్చి అడిగినవారికి లెక్కలేదు. ఉన్నట్టే.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, రాష్ట్రపతి పాలన వచ్చినంత మాత్రాన గడువు లెక్క మారదు. సభను రద్దు చేస్తేనే మారుతుంది. 1973 జనవరిలో జై ఆంధ్ర ఉద్యమ కాలంలో పీవీ నరసింహారావు మంత్రివర్గం పోయి రాష్ట్రపతి పాలన వచ్చినా సభను సుప్తచేతనావస్థలో ఉంచారు గానీ రద్దు చేయలేదు. అదే డిసెంబరులో అదే సభతో జలగం వెంగళరావు ముఖ్యమంత్రి అయ్యారు. రెండోది, సభ రద్దయిన ఆరు నెలల్లోగా ఎన్నికలు జరిగి తీరాలని 174వ అధికరణంలో ఉందని చాలామంది రాస్తుంటారు. ఆ అధికరణం చెప్పే ఆరు నెలలు సభ రెండు సమావేశాల నడుమ ఉండగల విరామానికి సంబంధించినవి. రద్దయిన సభకు అది వర్తించదని 2002లో గుజరాత్ ఎన్నికల వ్యవహారంలో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఎన్నికలను వీలైనంత త్వరగా, సాధారణంగా ఆరు నెలల్లోగా ముగించాలన్నది కూడా అదే అభిప్రాయంలో ఉంది. బర్తరఫ్‌ల విషయంలో 1994 నాటి బొమ్మై తీర్పు చాలా మేలు చేసింది. బలం తేల్చవలసింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే అని కోర్టు స్పష్టం చేసిన తర్వాత కేంద్రం తలచిన వెంటనే సభలను రద్దు చేసే అలవాటు బాగా తగ్గింది. ఇటీవలి దశాబ్దాల్లో రాష్ట్రాల ఎన్నికల సంవత్సరాలు ముందే ఊహించగలిగేంత స్థిరంగా ఉండటానికి నా దృష్టిలో ఇదే పెద్ద కారణం.

లోక్‌సభకూ శాసనసభలన్నిటికీ ఒకేసారి జరపాలంటున్న జమిలి ఎన్నికల సంగతీ చెబుతాను. రామ్‌నాథ్ కోవింద్ కమిటీ 2024 మార్చిలో నివేదిక ఇచ్చింది. 129వ రాజ్యాంగ సవరణ బిల్లును ఆ డిసెంబరు 17న లోక్‌సభలో ప్రవేశపెట్టి సంయుక్త పార్లమెంటరీ కమిటీకి పంపారు. ఆ బిల్లులోని అసలు మార్పు ఏమిటంటే, సభ నడుమ రద్దయితే కొత్త సభకు పూర్తి ఐదేళ్లు ఉండవు, పాత సభకు మిగిలిన కాలమే ఉంటుంది. ఇంతవరకు చెప్పిన చరిత్ర అంతా మళ్లీ లెక్క మొదలు కావడం వల్ల జరిగినదే కనుక, ఆ బిల్లు మార్చదలచిన చోటు సరిగ్గా అదే. ఏడాదిన్నర కాలానికే ఎన్నికైన ప్రభుత్వం ఒక చెరువు పనైనా తలపెట్టి ముగించగలదా అన్నది నా ఆందోళన. ఖర్చు తగ్గుతుందన్న వాదనలో నిజం లేకపోలేదు.

రెండు ఎన్నికలు కలిసి జరగడమంటే క్షేత్రంలో ఏమిటో కూడా తెలియాలి. లోక్‌సభకు తెల్ల బ్యాలెట్, శాసనసభకు గులాబీ బ్యాలెట్, రెండు యంత్రాలు, రెండు వీవీప్యాట్లు. పోలింగ్ ఏడు గంటలకైతే అయిదున్నరకే ఏజెంట్ల ఎదుట మాక్ పోల్ మొదలుపెట్టాలి. ఒక్కో యంత్రంలో కనీసం యాభై ఓట్లు వేసి చూపించి, లెక్క సరిచూసి, వాటిని తుడిచేసి, వీవీప్యాట్ చీటీలను నల్ల కవరులో పెట్టి సీలు వేయాలి, ఇదంతా రెండుసార్లు. సాయంత్రం పోలైన ఓట్ల లెక్క చూపే ఫారం 17సీ రెండింటికీ విడివిడిగా నింపి ఏజెంట్లకు నకళ్లు ఇవ్వాలి. దీనికితోడు మనకు ఎండ. 1983లో జనవరి, 1989లో నవంబరు, 1994లో డిసెంబరు, 1999లో సెప్టెంబరు. 2004 నుంచి మాత్రం ప్రతిసారీ ఏప్రిల్ లేదా మే నెలే. లోక్‌సభతో కలిసినందువల్ల మనకు వచ్చిన మార్పు ఇది. గుత్తి, తాడిపత్రి వైపు మే నెల మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డు కింద వరుసలో నిలబడ్డ ముసలివారిని చూసినవారికి షామియానా, తాగునీరు, కూర్చునే బెంచీ అన్నవి ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

ఎండకన్నా నన్ను ఎక్కువ బాధించేది సుగ్గికి పోయినవారి ఓటు. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం, హొళగుంద మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిరప కోతలకు గుంటూరు వైపు, కట్టడం పనులకు బెంగళూరు వైపు వెళతాయి. జాబితా సవరణకు బూత్ స్థాయి అధికారి (బీఎల్ఓ) ఇంటింటికీ తిరిగే వేళకు తలుపుకు తాళం ఉంటుంది. పక్కింటివారు 'లేరు, పోయినారు' అంటారు. ఆ మాటను శాశ్వతంగా ఊరు వదిలినట్టు రాసుకుంటే పేరు తొలగింపు జాబితాలోకి ఎక్కుతుంది. ఇది చట్టానికి విరుద్ధం. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్‌లో తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన ఆ వ్యక్తి అక్కడి నివాసి కాకుండా పోడని స్పష్టంగా ఉంది. తొలగించేముందు నోటీసు ఇచ్చి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. నా మండలాల్లో రేషన్ డీలరునూ, బడి హెడ్‌మాస్టరునూ అడిగి, పిల్లలు ఊళ్లో అవ్వ దగ్గర ఉండి బడికి వస్తున్నారా లేదా చూడమని బీఎల్ఓలకు చెప్పేవాణ్ణి. పిల్లల పేరు బడి రిజిస్టరులో ఉన్న ఇల్లు ఊరు వదిలిన ఇల్లు కాదు. పోలింగ్ రోజున ఓటున్న కూలీకైనా, ఉద్యోగికైనా జీతం కోయకుండా సెలవు ఇవ్వాలని 1951 చట్టం 135బీ సెక్షన్ చెబుతోంది. బెంగళూరు మేస్త్రీలలో ఎక్కువమందికి ఈ సంగతి తెలియదు, తెలిసినవారు చెప్పరు. ఊరివాళ్లే చెప్పాలి.

ఇక మీ అక్క పేరు సంగతి. ఎన్నికలు వేర్వేరు సంవత్సరాల్లో వస్తాయి కనుక రెండు చోట్లా పేరు ఉంచుకుంటే ఏమవుతుందని సరిహద్దు ఊళ్లలో చాలామంది అనుకుంటారు. ఒకే రోజు రెండు చోట్ల వేలికి సిరా పడదు కదా అని వారి ధైర్యం. సిరాకూ దీనికీ సంబంధం లేదు. 1950 చట్టంలోని 17, 18 సెక్షన్ల ప్రకారం ఒక వ్యక్తి పేరు ఒకటికి మించిన నియోజకవర్గాల్లో గానీ, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు గానీ ఉండరాదు. దరఖాస్తులో వేరే చోట పేరు లేదని తప్పుడు ప్రకటన ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష ఉంది. పుట్టింటివారికి ఆలూరులో ఇల్లు ఉందన్నదీ చెల్లదు. ఇల్లు ఉన్నంత మాత్రాన నివాసి కాలేరని 20వ సెక్షన్‌లోనే రాసి ఉంది. ఆమె ఇప్పటికే బళ్లారిలో ఓటు వేసింది కాబట్టి అక్కడ పేరు ఉన్నట్టే. ఆలూరులోని పేరు తొలగించమని ఆమె స్వయంగా ఫారం 7 ఇవ్వాలి. మీ తమ్ముడిది కూడా ఒకసారి సరిచూడండి. ఇకముందు ఎవరైనా ఇల్లు మారితే కొత్త ఓటరులా ఫారం 6 పెట్టకుండా కొత్త చిరునామా నుంచి ఫారం 8 పెట్టాలి. అప్పుడు పాత చోటి పేరు తొలగించే పని కూడా దానితోనే మొదలవుతుంది. పద్దెనిమిదేళ్లు నిండేవారికి 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే. నామినేషన్ల ఆఖరు రోజు దాటితే ఆ ఎన్నిక ముగిసేదాకా జాబితాలో ఏ పేరూ ఎక్కదు, ఏ పేరూ దిగదు. దరఖాస్తు విచారణకే వారం పైన పడుతుంది. అందువల్ల ఈ ఫారాలను ఎన్నికల ఏడాది వచ్చేదాకా ఆపకుండా ఇప్పుడే మీ బీఎల్ఓ చేతికి ఇవ్వండి, రసీదు తీసుకోండి.